ఆళ్లగడ్డ బండికి నేను కట్టిన ధర

నలభై ఏళ్ళు నంద్యాలలో మోటారు సైకిళ్ళు బాగుచేసి, మోకాళ్ళు వంగడం మానేశాక షెడ్డు మూశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎదురుపడితే ఇంజను గురించి అడుగుతారు. ఇంజను గురించి నేను చెప్పేదేమీ లేదు. అది ఇనుము. విప్పితే దాని రోగం అదే చెబుతుంది. ఈ వృత్తిలో అసలు కష్టమైన పని వేరే ఉంది, దాన్ని ఎవరూ నేర్పరు. ఎవరో ఒకరు పాత బండి తెచ్చి మీ ముందు నిలబెట్టి, దీనికి ఎంత చెప్పొచ్చు మేస్త్రీ అని అడుగుతారు. మీ నోట్లోంచి ఒక అంకె వస్తుంది. ఆ అంకెను పట్టుకుని వాళ్ళు ఇంటికి పోతారు. అక్కడినుంచి అది వాళ్ళ ఇంట్లో మనిషిలా కూర్చుంటుంది.

నేనొకసారి తప్పు అంకె చెప్పాను. మంచితనంతోనే చెప్పానని చాలా ఏళ్ళు నన్ను నేను జోకొట్టుకున్నాను. మంచితనం కాదు. ఆ సంగతి రాయాలనే కూర్చున్నాను.

అప్పటి బండ్లు

నేను పనిలో చేరి ఐదేళ్ళు గడిచాక, యాభై మూడు నాటి మాట ఇది. కర్నూలు రాజధాని అయిన కొత్త. అప్పట్లో మా వైపు తిరిగే మోటారు సైకిళ్ళలో ముప్పాతిక భాగం యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలం వేసినవి. తక్కినవి దొరలు వదిలిపెట్టి పోయినవి. కొత్త బండి కావాలంటే మద్రాసు పోవాలి, పోయినా దొరుకుతుందని నమ్మకం లేదు. పాత బండి అమ్మాలంటే అంగడీ లేదు, పేపర్లో వేసే అలవాటూ లేదు. మేస్త్రీ ఎంతంటే అంత. వాడు పొరబడితే చెప్పేవాడు లేడు.

రాజధాని వచ్చాక కర్నూలులో గుమాస్తాలూ ఇంజనీర్లూ దిగారు, బండ్ల ధరలు ఎగబాకాయి. నంద్యాలలో ఎనిమిది వందల బండి కర్నూలులో వెయ్యి పలికింది. అది విని ఇక్కడ ప్రతివాడూ తన పశువుల కొట్టంలో ఉన్న తుక్కుకు వెయ్యి చెప్పడం మొదలుపెట్టాడు. నలభై మైళ్ళ అవతల ఎవరో ఇచ్చిన ధర మన వాకిట్లో ధర కాదు. కొనేవాడు మన వాకిట్లోకి రావాలి, చేతిలో డబ్బుతో రావాలి. ఇంత చిన్న సంగతి నాకు ఎక్కడానికి ఎంత కాలం పట్టిందో తర్వాత చెబుతాను.

దస్తగిరి సాబు

నాకు పని నేర్పినాయన దస్తగిరి సాబు. షెడ్డు ఆయనది. మంచి మనిషని చెప్పను. కూలి అడిగితే మొహం చిట్లించేవాడు, గిరాకీల ముందే తిట్టేవాడు, చెయ్యి కూడా చేసుకునేవాడు. కానీ ధర చెప్పడంలో ఆయనంత నిజాయితీపరుణ్ణి ఇంకొకర్ని చూడలేదు. బండి తెచ్చినవాణ్ణి దూరంగా బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. నోరు తెరవనిచ్చేవాడు కాదు. ఇంజను మీద చెయ్యి వేసి చూసేవాడు. వేడిగా ఉంటే ఆ పూటకు బండి ముట్టడు, రేపు రమ్మంటాడు. ఇంటి దగ్గర ముందే నాలుగుసార్లు తన్ని వేడి చేసి తెచ్చిన బండి మన ముందు బుద్ధిగా స్టార్టవుతుంది కదా. చల్లబడ్డాక తానే తన్ని, రైల్వే గేటు దాకా తోలుకుపోయి వచ్చి, సామాను పెట్టె మూసి, అప్పుడు అంకె చెప్పేవాడు. ఎందుకు అమ్ముతున్నావని ఆ తర్వాతే అడిగేవాడు.

ఈ వరస ఎందుకని ఒకసారి అడిగాను.

"ముందే కత యిన్న్యావనుకో, నీ చెవులు చెడిపోతాయిరా. చెవులు చెడినోనికి ఇంజను సప్పుడు యినపడదు" అన్నాడు.

అప్పుడు నవ్వుకున్నాను. ముసలాయన ఛాదస్తం అనుకున్నాను.

అమ్మేవాళ్ళు

అమ్మేవాళ్ళలో నాకు ఎక్కువగా తగిలింది రెండు రకాలు. ఒకరు పెట్టినదంతా రాబట్టుకోవాలనుకునేవాళ్ళు. నంద్యాలలో బట్టల అంగడి శెట్టి ఒకాయన ఉండేవాడు. కొన్న ధర, దాని మీద మార్చిన టైర్లు, వేయించిన రంగు, చివరికి పంక్చర్లు కూడా కలిపి ధర చెప్పాడు. "ఇంత పెట్టి రంగు ఏపిచ్చినా గదప్పా" అని అందరితో అనేవాడు. ఆ రంగే ఆయన కొంప ముంచింది. అమ్మబోయే ముందు రంగు వేసిన బండిని చూస్తే కొనేవాడు కింద ఏం దాచారోనని వెతుకుతాడు. ఏమీ లేకపోయినా ఏదో ఒకటి కనబడుతుంది.

రెండో రకం పరువుకు ధర కట్టేవాళ్ళు. మా సీమలో వీళ్ళకు కరువు లేదు. ఒక రైతు తన ఇంటి బండి వెయ్యికి తక్కువ పోతే ఊర్లో తల ఎత్తుకోలేనన్నాడు. ఎనిమిదిన్నర నూర్లు ఇస్తానన్నవాణ్ణి వాకిట్లోంచే పంపేశాడు. మూడేళ్ళ తర్వాత నేను పోతే దాని సీటు మీద కోడి పొదుగుతోంది. ఆయన తల మాత్రం ఎత్తుకునే ఉన్నాడు.

నా మాట వింటే, మీరు ఎంతకు ఇచ్చేయగలరో అది ముందు తేల్చుకోండి. దాని మీద ఒక యాభై చెప్పండి, బేరమాడినవాడికి గెలిచినట్టు ఉంటుంది. అంతకు మించి చెప్పిన ప్రతి రూపాయీ కొనేవాణ్ణి మీ వీధి మొదట్లోనే ఆపేస్తుంది. వాడు వచ్చి బేరమాడి తగ్గిస్తాడులే అనుకుంటారు. వాడు అసలు రాడు. నెల దాటితే ఊరంతా బండిలో ఏదో ఉందని మొదలుపెడుతుంది. అప్పుడు మీరు తగ్గించినా దాన్ని భయం అనుకుంటారు గానీ ధర అనుకోరు.

ఇవన్నీ శెట్టికీ ఆ రైతుకూ నేను చెప్పినవే. నాకు నేను చెప్పుకోలేదు.

కంపౌండరు బండి

ఆళ్లగడ్డలో ఓబులేసు అని ఒక కంపౌండరు ఉండేవాడు. మిలిటరీ బండి ఒకటి పెట్టుకుని అహోబిలం దాకా, ఇటు ఉయ్యాలవాడ దాకా ఊళ్ళు తిరిగి సూదులు వేసేవాడు. బండిని ప్రాణంగా చూసుకునేవాడు. కామెర్లు వచ్చి ముప్పై ఏళ్ళకే పోయాడు. భార్య లక్ష్మీదేవమ్మకు ఇరవై ఐదో ఆరో, ఆరేళ్ళ కూతురు. ఆమె మొగుడి దగ్గర సూదులు మరగబెట్టడం, కట్లు కట్టడం చూసి చూసి నేర్చుకుంది. ఆసుపత్రి డాక్టరుగారికి ఆమె చేతి పని నచ్చి, కర్నూలులో కాన్పులు చేసే నర్సు చదువుకు ఉత్తరం రాసిచ్చాడు. వానలు మొదలయ్యేలోగా పోయి చేరాలి. చేరితే రెండేళ్ళు. ఆ తర్వాత సర్కారు ఉద్యోగం. లేకపోతే కొత్తపల్లెలో తన తోడబుట్టిన అన్న ఇంటికి పోవాలి. అన్న ఇంటికి పోవడం అంటే ఏమిటో ఆమెకూ తెలుసు, వినే నాకూ తెలుసు.

యాభై ఐదు ఎండాకాలంలో బండి చూడటానికి బస్సులో ఆళ్లగడ్డ పోయాను. దస్తగిరి సాబు అప్పటికి మంచాన పడ్డాడు, షెడ్డు నేనే చూసుకుంటున్నాను. పోయినవాణ్ణి ముందు బండి దగ్గరికి పోవాల్సింది. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ కథంతా విన్నాను.

"రెండేండ్లు ఆడుండి నేర్చుకోవల్లన్నా. బిడ్డను ఒక టీచరమ్మ ఇంట్లో ఇడిసిపెడ్తా, ఆయమ్మ తిండి కర్సుకు దుడ్డు తీసుకుంటానన్యాది. ఏడు నూర్లుంటే ఎట్టనో ఎల్లబారుతాది" అంది.

తర్వాత బండి తన్నాను. బాగానే ఉంది. ఇంజను గట్టిది, వెనక టైరు అరిగింది, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో కొంచెం బలహీనం. చనిపోయినవాడి బండి కాబట్టి కొందరు ముట్టుకోరు, అదొక తగ్గింపు. ఎనిమిది వందలు చెప్పి ఏడున్నరకు ఇచ్చేయాల్సిన బండి. ఆ అంకె నా మనసులో సరిగ్గానే వచ్చింది. తల ఎత్తి చూస్తే ఆమె స్తంభం పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది.

"పదకొండు నూర్లు చెప్పుమ్మా" అన్నాను.

ఎందుకన్నానో అప్పుడు నన్ను అడిగితే, పాపం ఆడమనిషి, నాలుగు రాళ్ళు ఎక్కువ వస్తే బాగుపడుతుంది కదా అనేవాణ్ణి. ఇప్పుడు చెబుతున్నాను, ఆ క్షణంలో ఆమె కళ్ళకు దేవుడిలా కనిపించాలనిపించింది నాకు. నా జేబులోంచి పైసా తీయకుండా మూడు వందలు దానం చేశాను. ఆమె మొహం విప్పారింది. ఆయన బండిని బాగా చూసుకున్నాడు కాబట్టే అంత ధర అంది. కళ్ళు తుడుచుకుంది. నేను ఎంతో గొప్పపని చేసినట్టు బస్సెక్కాను.

టవాలు కింద

పది రోజుల్లో గిరాకీ వచ్చాడు. ఉయ్యాలవాడ రైతు తిరుపాలురెడ్డి. ఎద్దుల బేరాల్లో పండిపోయిన మనిషి. చనిపోయినవాడి బండి అనే పట్టింపు ఆయనకు లేదు. ఆయన బేరమంటే టవాలు బేరమే. పశువుల సంతలో చూసే ఉంటారు. ఇద్దరి చేతుల మీద టవాలు కప్పుతారు, కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఒక్కో వేలు ఒక నూరు, వేలి మధ్య కణుపు పడితే యాభై. నోటితో అంకె రాదు. అక్కడ పడిన అంకె మూడో మనిషికి చెప్పడం తప్పు, ఎందుకంటే తర్వాత వచ్చేవాడు దాని కిందినుంచి మొదలుపెడతాడు.

ఆడమనిషి పరాయి మగవాడి టవాలు కింద చెయ్యి పెట్టలేదు. ఓబులేసుకు అన్న ఒకడున్నాడు గానీ, వాణ్ణి పిలిస్తే డబ్బు వాడి ఇంటికే పోతుందని లక్ష్మీదేవమ్మ భయం. అందుకని నాకు కబురు చేసింది. పోయాను. ఆమె తరఫున టవాలు కింద నా చెయ్యి పెట్టాను. ఆమె పది అడుగుల దూరంలో, వాకిలి దగ్గర నిలబడి ఉంది.

తిరుపాలురెడ్డి ఆరు వేళ్ళు, దాని మీద సగం పట్టాడు. నేను తల అడ్డంగా ఊపి, పది వేళ్ళూ పట్టి, మళ్ళీ ఒక వేలు పట్టి పదకొండు చెప్పాను. ఆయన ఏడుకు వచ్చాడు. నేను కదల్లేదు. ఏడున్నరకు వచ్చి నా వేలి కణుపు గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. ఇదే చివరిది అని ఆ పట్టులోనే తెలుస్తుంది. నేను మళ్ళీ పదకొండు చెప్పాను. ఆయన చెయ్యి లాగేసుకుని టవాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"మేస్త్రీ, నువ్వు బండికి ధర చెప్తాండావా, ఆయమ్మ కష్టానికి చెప్తాండావా?" అన్నాడు, ఆమెకు వినపడకుండా.

మంచి మాట. ఆ మాటకు నాకు బుద్ధి రావాల్సింది, రోషం వచ్చింది. నంద్యాల మేస్త్రీకి ఒక ఎద్దుల బేరగాడు ధర నేర్పడమా అనుకున్నాను. ఏడున్నరకు ఒప్పుకుంటే నా పదకొండు అబద్ధమని ఆమె ముందు తేలిపోతుంది. అసలు సంగతి అదే. ఆమెకు కావలసింది ఏడు నూర్లని నాకు తెలుసు. ఏడున్నర నా వేలి మీద ఉందని తెలుసు. తెలిసీ వదిలేశాను.

ఆయన పోయాక ఆమె ఏమన్నాడని అడిగింది.

"కుదర్లేదమ్మా. వాడు కొనేవాడు గాదు. ఇంకోడొస్తాడు" అన్నాను.

టవాలు కింది మాట బయటికి చెప్పకూడదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ కట్టుబాటు మూడో మనిషికి. బండి ఎవరిదో వాళ్ళు మూడో మనిషి ఎట్లా అవుతారు? అది తెలియనంత తెలివితక్కువవాణ్ణి కాను.

ఇంకొకడు రాలేదు

వచ్చినవాళ్ళు లేకపోలేదు. ముగ్గురు వచ్చారు. పదకొండు నూర్లని విని నవ్వి పోయారు. ఆళ్లగడ్డ బస్టాండులో అదొక వేళాకోళం అయింది. దేనికి ఎక్కువ చెప్పినా కంపౌండరు బండి ధర చెబుతున్నావే అనడం మొదలుపెట్టారు. ఆమె బస్సు కండక్టరు చేత రెండుసార్లు కబురు పెట్టింది, తగ్గిద్దామా అని. కొంచెం ఓపిక పట్టమన్నాను.

నెల గడిచాక నాకే నిద్ర పట్టలేదు. బస్సెక్కి ఉయ్యాలవాడ పోయి తిరుపాలురెడ్డి ఇంటి ముందు నిలబడ్డాను. ఏడున్నరకే ఇస్తామని చెప్పాను. ఆయన పలకరించి నీళ్ళిచ్చి, దొడ్లో నిలబెట్టిన వేరే బండి చూపించాడు. కోయిలకుంట్లలో ఏడు నూర్లకు కొన్నాడట. నా మీద కోపం కూడా లేదు ఆయనకు. ఆ సంగతి కూడా నేను ఆళ్లగడ్డలో చెప్పలేదు.

వానలు పడ్డాయి. కర్నూలులో ఆమె చోటు ఇంకొకరికి ఇచ్చారు. మరుసటి ఏడు చూద్దామని డాక్టరుగారు అన్నాడట గానీ, ఆయనకే బదిలీ అయింది. బండి పందిరి కింద నానింది. యాభై ఆరులో రాజధాని హైదరాబాదుకు పోయింది. గుమాస్తాలు పోతూ పోతూ బండ్లు అమ్మేసుకున్నారు, మద్రాసు నుంచి కొత్త బండ్లు కూడా రోడ్డెక్కాయి. మిలిటరీ బండ్ల ధర పడిపోయింది. ఓబులేసు అన్న వచ్చి ఆ బండిని మూడు నూర్లకు బండ్లు విప్పి సామాన్లు అమ్ముకునే ఒక వ్యాపారికి ఇచ్చేసి, అందులో సగం తమ్ముడి దినాలకు తాను పెట్టిన ఖర్చు కింద పట్టుకున్నాడు. ఆమె ఇంటికి తాళం వేసి కూతుర్ని తీసుకుని కొత్తపల్లె పోయింది.

ఆ వ్యాపారి బండి విప్పడానికి నా షెడ్డుకే తెచ్చాడు. కూలి తీసుకుని నేనే విప్పాను. ఇంజను తెరిచి చూస్తే లోపల ఎక్కడా గీత లేదు. తిరుపాలురెడ్డి పదేళ్ళు తోలుకునేవాడు. బోల్టులన్నీ ఒక డబ్బాలో వేసి వ్యాపారికి ఇచ్చేశాను. దస్తగిరి సాబు బతికి ఉంటే చెంప పగలగొట్టేవాడు. అప్పటికి ఆయన లేడు, నన్ను ఒక్క మాట అనే మనిషీ లేడు. పైగా ఊర్లో నాకు మంచి పేరు. ఆ విధవరాలికి మేస్త్రీ ఎంతో సాయం చేయబోయాడు, పాపం ఆమె రాత అనేవాళ్ళు. ఆ పేరు తిని బతికాను.

ఆ తర్వాత మాత్రం ఎవరి బండికైనా వచ్చిన ప్రతి అంకెనూ యజమాని చెవిన వేశాను, అది ఎంత అవమానంగా ఉన్నా సరే. అందుకు కొందరు నా షెడ్డుకు రావడం మానేశారు. ఇది గొప్పగా చెప్పుకోవడానికి రాయడం లేదు. పోయినదానికి ఇది ఏ విధంగానూ జమ కాదు.

కొత్తపల్లె

అరవైలో కొత్తపల్లె నుంచి ఒక రైతు తన చేని బావి దగ్గర ఆయిలింజను చెడిందని పిలిపించాడు. పని ముగించి కూలి తీసుకోవడానికి ఊర్లో ఆయన ఇంటికి వస్తే, పక్కింటి వాకిట్లో లక్ష్మీదేవమ్మ. కూలివాళ్ళకు సంగటి ముద్దలు గంపలో సర్దుతోంది. ముప్పై దాటినట్టు లేదు, నలభై దాటినట్టుంది. పదకొండేళ్ళ పిల్ల చంకలో అన్న బిడ్డను వేసుకుని తిరుగుతోంది. ఆ పిల్ల బడికి పోవడం లేదని అడగకుండానే తెలిసింది.

ఆమె నన్ను గుర్తుపట్టింది. బాగుండావా అన్నా అంది, నీళ్ళిచ్చింది. ఆ ఆదరణ నాకు నిప్పులా తగిలింది. అక్కడే నిలబడి చెప్పేశాను.

"అమ్మా, తిరుపాలురెడ్డి ఆ పొద్దు ఏడున్నర నూర్లు ఇస్తాననె. నేనే ఒప్పుకోలా. నీకు చెప్పలా."

ఆమె చేతులు ఆగాయి. "ఎప్పుడు? మన వాకిట్లో టవాలు కప్పుకున్యారే, ఆ పొద్దేనా?"

"ఆ పొద్దే."

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా, సిగ్గు విడిచి చెబుతున్నాను. నాలుగు మాటలు పడితే నా భారం దిగుతుందని ఆశ.

"నేను ఆడనే నిలబడిండా గదన్నా" అంది. "ఒక మాట అడిగింటే ఇచ్చేసింటి."

లోపలినుంచి వదిన గొంతు వినిపించింది, ఇంకా పోలేదా అని. లక్ష్మీదేవమ్మ చుట్టకుదురు తల మీద పెట్టుకుని గంప దగ్గర వంగింది.

"కూలోళ్ళు కాసుకోనుండారు. ఈ గంప రోంత ఎత్తన్నా" అంది.

ఎత్తాను. ఆమె చేని దారి పట్టి పోయింది.